నల్లగుండ్లపాడు బడిగదిలో చోటు

నల్లగుండ్లపాడు పాఠశాల తరగతి గదిని ఖాళీచేసి, ఊడ్చి, కడిగి, సర్దిపెట్టే మహాకార్యం నిర్విఘ్నంగా ముగిసిందని తెలియజేయడానికి మేమెంతో సంతోషిస్తున్నాము. కోయిలకుంట్ల చుట్టుపక్కల ఇంత చక్కగా సర్దిన గది మరొకటి లేదు.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. నీళ్లు తోడే కపిల బావులకు తోలు బానలు, మాకందరికీ చెప్పులు కుట్టే లేవి కూతురు ఎస్తేరు బడిగదిలో కూర్చోవడానికి ఊళ్లో ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. అన్ని కులాల పిల్లలనూ చేర్చుకోమని సర్కారువారు అన్నారు, చేర్చుకున్నాం. లోపల చోటు లేదు, అంతే. ఏటా బడి తెరవగానే లేవి తన కూతురికి తల దువ్వి వెంటబెట్టుకొని వచ్చేవాడు. మునసబు ఓబుళరెడ్డిగారు ఎంతో ఓర్పుగా అతన్ని గుమ్మం దాకా రానిచ్చి గది చూపించేవారు.

"నేనేమన్నా వద్దంటినా లేవీ? నువ్వే చూడు. యాడ కూచోబెట్టేది?"

"నిజమే రెడ్డీ. శానా ఇరుకుగా ఉండాది," అని లేవి ఒప్పుకునేవాడు.

ఎస్తేరు పడమటి గోడ బయట, కిటికీ కింద నీడలో కూర్చునేది. కిటికీకి సగం దాకా పత్తి బోరాలు అడ్డం కాబట్టి పాఠంలో సగమే బయటికి వచ్చేది. ఆ సగం ఆ పిల్లకు చాలునని మేమంతా కలిసి నిర్ణయించుకున్నాం.

బోరాలు మునసబుగారివి. అవిగాక ఎవరిదో తెలియని గొర్రు, పెళ్లిపందిళ్ల గుంజలు, భజనవారి చిరిగిన మద్దెల, వెనకటి కరువులో గంజి కాచిన గంగాళం, చక్రవర్తిగారి పటం, ఆ పటం వెనక గుడ్లు పెట్టే, బడి పక్కింటి హులిగెమ్మ పెంచుకునే కోడి ఉండేవి. వీటి సందుల్లో పిల్లలు, పిల్లల సందుల్లో వలి సాహెబు మాస్టరు. ఆయన సన్నటి మనిషి కావడం ఊరి అదృష్టం.

ఇలా ఉండగా స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. గదిలోకి సగం వెళ్లి, పూర్తిగా బయటికి రావడానికి ఇద్దరు మనుషుల సాయం తీసుకున్నారు. వచ్చే నెలకల్లా గది సర్ది లేవి కూతురికి చోటు చూపించాలనీ, లేకపోతే బడిని ఎత్తి పొరుగూరికి ఇచ్చేస్తామనీ సెలవిచ్చారు. బడి పోతుందంటే ఎవరూ దిగులుపడలేదు. అది పొరుగూరికి పోతుందనేసరికి ఊరంతటికీ చదువు మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

వెంటనే సభ జరిగింది. "పనికిరానిది ఒక్కటీ బడిలో ఉండకూడదు. పనికొచ్చేది ఒక్కటీ బయటికి పోకూడదు," అని మునసబుగారు ఉపన్యసించగా అందరూ చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే అన్నీ పనికొచ్చేవే. గొర్రెల పెంపకంలోనూ ధర్మసూక్ష్మాలలోనూ ఆరితేరిన పెద్ద ఈరన్న గంగాళం పక్షాన నిలబడ్డాడు.

"దాన్ని కదిలిస్తే కరువొస్తాదప్పా."

"కదిలించకున్నా వస్తానే ఉండాది గదా," అన్నారు మాస్టరు.

"వస్తే గంజి దేంట్లో కాస్తావు సాయిబూ?"

గంగాళం నెగ్గింది. కోడిని కదిలిస్తే గుడ్లు మానేస్తుందనీ, మానేస్తే మళ్లీ వచ్చే ఇన్‌స్పెక్టరుగారికి ఏం వండి పెడతారనీ హులిగెమ్మ నిలదీసింది. కోడీ నెగ్గింది. నెలంతా మేము సర్దుతూనే ఉన్నాం. మొదట పొడుగును బట్టి సర్దాం, తర్వాత సొంతదారుల పెద్దరికాన్ని బట్టి సర్దాం. చోటు మాత్రం పుట్టలేదు.

గడువు రేపనగా, బడిని తీసుకుపోవడానికి పొరుగూరివాళ్లు బండి కట్టారని కబురొచ్చింది. ఇళ్లలో చోటు లేదని ఏళ్ల తరబడి బడిలో దాచినవన్నీ పొద్దుగూకేలోపల ఇళ్లలో ఇమిడిపోయాయి. గది అడుగున కడప బండల నేల ఉన్నట్టు అప్పుడే తెలిసింది. తూర్పు గోడ మేమనుకున్నదానికంటే చాలా దూరంలో ఉంది. ఒక నల్లబల్ల దొరికింది. ఆడవాళ్లు నేల కడిగి ముగ్గు వేశారు. పెద్దమనుషులు లోపల అటూ ఇటూ నడిచి చూసుకున్నారు, కొందరు పరుగెత్తారు కూడా. పెద్ద ఈరన్న గట్టిగా కేకవేసి, తన గొంతే తిరిగి వినపడితే "ఎవురప్పా అది?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్నే లేవి తన కూతురితో వచ్చాడు. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"ఉండాది రెడ్డీ. శానా చోటుండాది."

మునసబుగారు నేలవంక చూస్తూ ఆలోచనలో పడ్డారు. "అద్దం మాదిరి కడిగినాం లేవీ. దీంట్లో పిల్లోళ్లను తోలితే ఏమైతాది? నీ బిడ్డనొక్కదాన్నే అనడంలా. ఎవురూ వద్దు," అని తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నారు. మా ఊరికి సమానత్వం ఆ విధంగా వచ్చింది.

ఇక బడి పెట్టుకోవడానికి నీడ పడమటి గోడ కిందే ఉంది. అక్కడ ఎస్తేరు ఉంది. ఆమె పక్కన ఎలా కూర్చోబెడతామని మిగతా పిల్లల తల్లిదండ్రులు గొణిగితే పెద్ద ఈరన్న తీర్పు చెప్పాడు. "కరువు పనిలో అందురం ఒకే కట్ట మీద మన్ను మోసినాం. ఆకాశం కింద అంటు లేదప్పా. కప్పు కిందనే." పిల్లలంతా పలకలతో వచ్చి నిలబడ్డారు. ఎస్తేరు పావడా సర్దుకొని కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. ఊరంతా నెల్లాళ్లు చేయలేనిది అంత తేలిగ్గా చేసేసింది. చిన్నపిల్ల, అభ్యంతరాలు తెలియవు. మాస్టరు కళ్లు తుడుచుకొని, దుమ్ము పడిందన్నారు.

గడువు ప్రకారం ఆ పూటే వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు కిటికీలోంచి గదినీ, గోడ కింద ఒకే వరుసలో కూర్చున్న పిల్లలనూ చూసి పరవశించి, బడిని మాకే ఉంచి వెళ్లారు.

ఆ సాయంత్రమే వాన కురిసింది. మా సీమలో వానకు ఏర్పాట్లు చేసుకునే అలవాటు లేదు. మునసబుగారి మిద్దె కారి పత్తి తడవబోయింది. తాళం తీశారు. బోరాలు లోపలికొచ్చాయి, వాటి వెనకే గంగాళం, గుంజలు, గొర్రు, మద్దెల, కోడి వచ్చాయి. ఈసారి సర్దడంలో మెలకువ పెరిగింది. కిటికీ పూర్తిగా మూసుకునేట్టు బోరాలు పేర్చాం. మర్నాడు మా పిల్లలు ఎప్పటి సందుల్లో కూర్చున్నారు.

లేవి కూతురితో వచ్చాడు.

"నేనేమన్నా వద్దంటినా? నువ్వే చూడు," అన్నారు మునసబుగారు.

లేవి ఈసారి నిజమే అనలేదు. "చోటు చూసినాను రెడ్డీ. అందురూ చూసినారు."

మునసబుగారు మావైపు తిరిగి, ఏమప్పా, చూస్తిరా అని అడిగారు. మేము తలవంచుకొని మా చెప్పులు చూసుకున్నాం. అవి లేవి కుట్టినవే. ఆ ఖాళీ గదిని పాఠకులైన మీరు కూడా చూశారు. మునసబుగారు మిమ్మల్ని ఇంకా అడగలేదు.