ఏడో నంబరు వారి ప్రశ్న

ప్రజాస్వామ్యం పన్నెండు మందిని జ్యూరీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఊరుకోదు, వాళ్లకు నోరు కూడా ఇస్తుంది. అరిజోనాలోని సాల్ట్‌బుష్ కౌంటీ కోర్టు మాత్రం ఆ నోటిని పసుపు కాగితం మీద, పెన్సిలుతో, నలభై మాటలకు మించకుండా తెరవమంటుంది. (పెన్ను ఆయుధం కిందికి వస్తుంది.)

జ్యూరీలో ఏడో నంబరు వెండెల్ టాబర్. ఊళ్లో ఇళ్ల పెరళ్లకు ముప్పై ఏళ్లపాటు కాలవ నీళ్లు వంతులవారీగా వదిలి రిటైరైన మనిషి. బోనులో ఉన్నది ఇరవై రెండేళ్ల ఎలియాస్ ఒరోస్కో. నగలు దొంగిలించాడని కేసు, రుజువైతే ఏడేళ్లు. సాక్షి ఒక్కరే, నగలు పోగొట్టుకున్న లొరెట్టా పిమ్ గారు.

"మంగళవారం మూడింటికి మా పెరట్లో గడ్డి మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, నా నగలు సంచిలో సర్దుకున్నాడండీ. నా కళ్లతో చూశా," అందావిడ.

వెండెల్ ఉలిక్కిపడ్డాడు. తన రోజుల్లో ఆవిడ ఉండే వీధికి నీటి వంతు మంగళవారం మధ్యాహ్నమే. వంతు రోజున పెరట్లో జానెడు లోతు నీళ్లు నిలుస్తాయి. అందులో బాసింపట్టు వేయాలంటే బాతై పుట్టాలి. "ఆ రోజు మీ పెరటికి నీళ్ల వంతు కాదా?" అని రాసి బంట్రోతు చేతికిచ్చాడు.

కాగితం ప్రశ్నల సవరణాధికారి క్రాండల్ గారి దగ్గరికి వెళ్లింది. నీళ్ల ప్రస్తావన సాక్ష్యంలో లేదని ప్రాసిక్యూటర్ "నీళ్లు" కొట్టించాడు. ముద్దాయి లాయరు "ఆ రోజు" కొట్టించాడు (అలవాటుకొద్దీ). "వంతు" అంటే ఏమిటో క్రాండల్ గారికి తెలియదు గనుక అదీ పోయింది. మిగిలిన ముక్కల్ని ఆయన అతికి ఒక ప్రశ్నగా సవరిస్తే, జడ్జి హావర్‌క్యాంప్ గారు దాన్ని గంభీరంగా చదివారు.

"మీకు పెరడుందా?"

"ఉందండీ," అంది పిమ్ గారు మురిసిపోతూ.

జ్యూరీ గదిలో వెండెల్ నీళ్ల సంగతి ఎత్తబోయాడు.

"కోర్టులో వినని మాట ఇక్కడ ఎత్తకూడదు పెద్దాయనా, గోడ మీదే రాసుంది చూడు," అంది జ్యూరీ పెద్ద. "నువ్వడిగావు, ఆవిడ చెప్పింది. ఇంకేం కావాలి నీకు?"

ఆయన రెండు రోజులు మొండికేశాడు. మూడో రోజు, దోషే అంటూ లేచిన పదకొండు చేతుల పక్కన ఆయన చెయ్యీ లేచింది. దాన్ని చూస్తే ఆయనకే అసహ్యం వేసింది.

ఎలియాస్‌ను తీసుకుపోయాక, జడ్జి గారు ప్రశంసాపత్రాలు పట్టుకుని స్వయంగా జ్యూరీ గదికొచ్చారు.

"ఏడో నంబరు గారూ, ఆ పెరడు ప్రశ్న నాకు అంతుపట్టలేదు సుమండీ. ఏంటి దాని కథ?"

వెండెల్ చెప్పాడు.

"అబ్బ, మంచి ప్రశ్న," అంటూ జడ్జి గారు పత్రం ఆయన చేతిలో పెట్టారు. "అప్పుడే అడిగుండాల్సిందండీ."