పోలీసుల ఆచూకీ తెలుపు సంఘం

ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, మన పట్టణంలో పోలీసులు ఎక్కడ కాపు కాసినా ఆ కబురు వాళ్ల పైఅధికారికంటే ముందు నాకే అందుతుంది. వాట్సాప్‌లో మూడువందల పన్నెండు మంది సభ్యులున్న ఈ సంఘానికి నేనే వ్యవస్థాపక అధ్యక్షుణ్ణి. ఇరవై ఏళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినా నన్ను పలకరించని పెద్దమనుషులు ఇప్పుడు కారు ఆపి మరీ నమస్కారం పెడుతున్నారు.

"పెద్ద కూడలిలో సీటు బెల్టు తనిఖీ" అని నేను వాయిస్ మెసేజ్ పంపగానే, కూడలికి వంద గజాల ముందు బెల్టులన్నీ టకటకా పడతాయి. దాటగానే ఊడతాయి. నా మటుకు నేను బెల్టును వీపు వెనకనుంచి తిప్పి శాశ్వతంగా బిగించేశాను. కారు కుయ్యోమనదు, నా బొజ్జా నలగదు. చట్టాన్ని నాలా వెన్నంటి ఉంచుకున్నవాడు ఈ ఊళ్లో ఇంకొకడు లేడు.

మందుబాబులకు చేసే సేవ వేరే. "తాగినవాణ్ణి పట్టుకోవడం పోలీసుల పని, క్షేమంగా ఇల్లు చేర్చడం మన ధర్మం" అని సంఘం వార్షికోత్సవంలో ప్రసంగించాను. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

"ఊరందరి సంగతీ మీకే కావాలి. ఆ ఫోన్లోనే గ్యాసు బుక్ చేయమంటే మాత్రం తీరికుండదు" అంది మా ఆవిడ. గొప్పవాళ్లకు ఇంట్లో గుర్తింపు ఉండదని సరిపెట్టుకున్నాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం బారు ముందు పోలీసులు ఊదించే మిషను పట్టుకుని నిలబడ్డారు. ఆగమేఘాల మీద వాయిస్ మెసేజ్ పంపాను: "వెనక గేటులోంచి వచ్చి మా సందులో దూరండి. పిట్ట కూడా ఉండదు."

పది నిమిషాల్లో సందులో పెద్ద చప్పుడైంది. పిట్టయితే లేదు. లైబ్రరీ నుంచి సైకిలు మీద వస్తున్న మా అమ్మాయి ఉంది. కాలు రెండుచోట్ల విరిగింది. ఏడుస్తూ కేకలు పెట్టాను. ఆ కేకలు విని, కారులోంచి తూలుతూ దిగినవాడు రెండు చేతులూ జోడించాడు.

"అన్నా, ఆ గొంతు మీదేనా! మీరు చెప్పిన దారినే వచ్చానన్నా."

ఆస్పత్రిలో కట్టు కట్టాక అమ్మాయి నావైపు చూసింది.

"నాన్నా, పోలీసులున్నారని వాడికి చెప్పావు. వాడొస్తున్నాడని నాకెందుకు చెప్పలేదు?"

సిగ్గుతో చచ్చిపోయాను. జరిగిందంతా దాచకుండా గ్రూపులో పెట్టాను. అమ్మాయి త్వరగా కోలుకోవాలని అందరూ దండం బొమ్మలు పంపారు. సాయంత్రం పరామర్శకు వస్తామన్నారు. ఒకాయన మాత్రం, ఆస్పత్రి దారిలో పోలీసులున్నారా అని అడిగాడు.

కిటికీలోంచి తొంగిచూసి, లేరని జవాబిచ్చాను.