కృపాదానం మాస్టారి ఐగుప్తు ప్రయాణం

ఆ ఆగస్టులో వాన పడుతున్న ఒక బుధవారం నాడు దయామణి టీచరు ఐదో తరగతికి నైలు నది పాఠం సగం చెప్పి, మిగతాది రేపు చెబుతానని పిల్లలను ఇళ్ళకు పంపింది. ఆ సాయంత్రం వచ్చిన జ్వరం ఆమెకు ఆ రేపును రానివ్వలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక గురజాల క్రైస్తవపాలెం అంతా ఆమె శవపెట్టె వెనక నడిచింది.

ఆమె భర్త కృపాదానం మాస్టారు అదే మిషన్ బడిలో నాలుగో తరగతి చెప్పేవారు. హెడ్మాస్టరు బ్రహ్మానందం గారిని అడిగి ఆమె తరగతిని తాను తీసుకున్నారు. ఎవరి ముందూ ఏడవలేదు. ఎలా ఉన్నారని ఎవరడిగినా, "ఏం లేదండి, బాగానే ఉన్నాను" అనేవారు. ఆయన ఏం లేదన్నారంటే ఏదో ఉన్నట్టేనని పాలెం కొన్నాళ్ళకే తేల్చుకుంది. తరవాత జరిగినదానికంతా మూలం అదే.

ఆమె వదిలిన లెక్కలు ఆయన పూర్తి చేశారు. పద్యాలు అప్పజెప్పించుకున్నారు. భూగోళంలో మాత్రం నైలు నదిని వదిలేసి తరవాతి పాఠానికి వెళ్ళిపోయారు. ఫిబ్రవరి వచ్చింది. వేసవి సెలవులిస్తే ఈ పిల్లలు హైస్కూలుకు పోతారు. ఆ సగం పాఠం ఆమె దగ్గర విన్న పిల్లలు వీళ్ళే. కొత్తగా వచ్చే పిల్లలకు మొదటినుంచీ చెబితే అది ఆయన పాఠం అవుతుంది, ఆమెది కాదు. అందుకని వీళ్ళు బడి దాటేలోపల ఆ పాఠం పూర్తి చెయ్యాలనుకున్నారు. ఆ సంవత్సరం ఆయన కోరుకున్నది అదొక్కటే.

ఆ రోజుల్లోనే పత్రికలో ఒక వ్యాసం పడింది. అంత పాత దేశమైన ఈజిప్టుకు మళ్ళీ యాత్రికుల తాకిడి ఎక్కువైందట. నైలు మీద పెద్ద ఆనకట్ట లేస్తున్నదని, నీళ్ళు ఎక్కేలోగా అక్కడి గుళ్ళను కోసి గుట్ట పైకి చేరుస్తున్నారని, అది చూడటానికి దేశదేశాల వాళ్ళు ఓడలెక్కి పోతున్నారని రాశారు. నాగార్జునకొండలో అలాంటి పనే జరుగుతుంటే మాచర్ల బస్సెక్కి చూసి వచ్చిన పల్నాటివాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మాస్టారు ఢిల్లీలోని ఆ దేశపు ఆఫీసుకు, తరగతి గోడకు తగిలించడానికి నైలు నది బొమ్మ ఒకటి పంపమని ఉత్తరం రాశారు. శనివారం మధ్యాహ్నం లావుపాటి కవరు వచ్చింది. నది బొమ్మతో పాటు ఓడలవి, ఒంటెలవి, హోటళ్ళవి రంగురంగుల పుస్తకాలున్నాయి. సోమవారం మొదటి గంటలో పాఠం చెప్పేద్దామని ఆయన ఆ బొమ్మను చాప కింద పరిచి, మడతలు పోవడానికి పైన బియ్యం డబ్బా పెట్టారు.

పక్కింటి పిచ్చమ్మ అప్పుడే మజ్జిగ ఇవ్వడానికి వచ్చింది. పాలెంలో స్త్రీల కూటానికి ఆమే పెద్ద.

"ఏంది నాయనా, ఈ ఓడలేంది?"

"ఐగుప్తువి అత్తా." బడిలో ఈజిప్టు అయినది పాలెంలో, బైబిలు చదువుకునేవాళ్ళ నోట, ఎప్పుడూ ఐగుప్తే.

"నీకెందుకు పంపారు?"

"నేనే రాసి అడిగాను. అక్కడికి జనం మళ్ళీ తెగ పోతున్నారంట."

"నువ్వు కూడా పోతన్నావా ఏంది?"

"అబ్బే, ఏం లేదత్తా."

పిచ్చమ్మ ఆయన ముఖం వంక కాసేపు చూసి, మజ్జిగ చెంబు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రాలు ఇంటింటి ప్రార్థన పాలెంలో ఆనవాయితీ. అందరూ చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుంటే ఒకరి తరవాత ఒకరు ప్రార్థిస్తారు. ముందువాళ్ళు అన్నదాన్ని అలాగే వదిలెయ్యకుండా, దానికి ఇంకొంచెం కలిపి ప్రార్థించడం మర్యాద. ఆ శనివారం పిచ్చమ్మ మొదలుపెట్టింది. "ప్రభువా, మా మాస్టారు చానా దుఃఖంలో ఉన్నాడు. ఆయన మనసు ఐగుప్తు వైపు మళ్ళింది. నీ చిత్తమైతే దారి చూపు." తరవాత ప్రార్థించిన గ్రేసమ్మ, ఐగుప్తుకు బయల్దేరుతున్న నీ దాసుణ్ణి ఎండదెబ్బ తగలకుండా కాపాడమంది. ఆమె పక్కనున్న సంఘపెద్ద ఏసయ్య, ఓడ ఎక్కబోతున్న మాస్టారికి సముద్రాన్ని నిమ్మళపరచమని వేడుకున్నాడు. మాస్టారు కళ్ళు మూసుకుని వింటూనే ఉన్నారు. దేవుడితో మాట్లాడుతున్న మనిషికి మధ్యలో అడ్డం పోవడం ఆయన పెరిగిన పద్ధతి కాదు. చివర్న అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ ఆయనా అన్నారు.

మర్నాడు గుళ్ళో పాస్టరయ్యగారు ఆయన ప్రయాణం కోసం సంఘమంతటి చేతా మోకాళ్ళ ప్రార్థన చేయించారు. ఆరాధన అయ్యాక మాస్టారు ఆయన్ను పక్కకు పిలిచారు.

"అయ్యగారూ, నేను ఎక్కడికీ వెళ్ళడం లేదండి."

"నిన్న మీరూ ఆమెన్ అన్నారటగా మాస్టారూ?"

"అన్నానండి. కానీ..."

"వెనకాడకండి. దుఃఖంలో మనిషికి సందేహాలు రావడం సహజం" అని పాస్టరయ్యగారు ఆయన భుజం తట్టి వెళ్ళారు.

సోమవారం ఉదయం మాస్టారు నది బొమ్మను గోడకు కొట్టి, సుద్దముక్క తీసుకుని పిల్లల వైపు తిరిగారు. గుమ్మంలో ఏసయ్య నిలబడి ఉన్నాడు. తెల్లవార్లూ ఆలోచించి వచ్చినట్టుంది.

"ఒక్క మాట మాస్టారూ. దేవుడు తన జనాన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చిన దేశం గదా అది. మళ్ళా అక్కడికే పోతానంటే ఎట్టా? ఎనకటికి అట్టా పోదామన్నోళ్ళంతా ఎడారిలోనే రాలిపోయారు."

"నేను పోవడం లేదు ఏసయ్య గారూ."

"నాకాడ దాయబాక. నేనే ప్రార్థన చేస్తిని గదా." ఏసయ్య గడప మీద కూర్చున్నాడు. సంగతి తేలేదాకా లేవలేదు. చివరికి తనే తేల్చాడు. "బాల యేసును ఎత్తుకుని యోసేపు పొయ్యింది ఐగుప్తుకేలే. పనుండి పోతే తప్పు లేదు." అతను లేచేసరికి మొదటి గంట అయిపోయి గంట కొట్టారు.

మధ్యాహ్నం గాజుల కొట్టు గుల్జార్ బేగం బడి అరుగు దగ్గర కాపు కాసింది. మంచంలో ఉన్న ఆమె తల్లికి మక్కాలోని పవిత్రమైన జంజం బావి నీళ్ళు ఒక్క గుక్కెడు నోట్లో పడాలని కోరిక.

"మీరు పొయ్యే దేశం నుంచి మక్కా దగ్గరేనంట గదా అన్నా. ఒక చిన్న సీసాడు చాలు."

"అది వేరే దేశం చెల్లెమ్మా. మధ్యలో సముద్రం ఉంది."

"మీరు ఎట్టాగూ ఓడ మీదేగా పొయ్యేది" అంది గుల్జార్ బేగం. ఖాళీ సీసా ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సీసాతోనే ఆయన హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళారు. ఈ ఒక్క మనిషైనా కళ్ళు తెరిచి వింటాడన్న నమ్మకం ఆయనది. బ్రహ్మానందం గారు కళ్ళజోడు తీసి ఆయన్ను కూర్చోమన్నారు.

"మీరేం చెప్పొద్దు మాస్టారూ. నాకు అంతా తెలిసింది. ముందే చెప్పలేదని కోపమొచ్చిన మాట నిజం. పోనీండి, మీరు మాత్రం ఎన్నాళ్ళని ఆ ఇంట్లో ఒక్కరూ కూర్చుంటారు. నిన్ననే పైవాళ్ళకు మనిషి చేత ఉత్తరం పంపాను. రొంపిచెర్ల నుంచి జీవరత్నమనే అమ్మాయి గురువారం వచ్చి చేరుతుంది. మీ తరగతి ఆమెకు ఇస్తున్నాను."

"నేను వెళ్ళడం లేదండి. నిజంగానే."

"నాతో చెబితే ఎవరి దిష్టీ తగలదులెండి. మిగిలిన పాఠాల సంగతి కూడా ఆమెకు కబురు చేశాను. నైలు నది ఒకటి ఆగిపోయిందట గదా? రాగానే ముందు అదే పూర్తి చేస్తుంది."

మాస్టారు కుర్చీ పట్టుకుని లేచారు. సీసా బల్ల మీదే మరిచిపోయారు. ఇంతసేపూ ఊళ్ళో వాళ్ళు తనను ఎక్కడికి పంపినా ఆయనకు పెద్దగా పట్టలేదు. ఇప్పుడు పట్టింది. ఆ అమ్మాయి మంచిదే అయ్యుండవచ్చు, పాఠమూ బాగానే చెప్పవచ్చు. బాగా చెబితే మరీ కష్టం.

మంగళవారం, బుధవారం ఆయన కనపడిన ప్రతివాళ్ళకూ తాను వెళ్ళడం లేదని చెప్పారు. తరగతి గుమ్మానికి కూడా ఎవరో ఒకరు వస్తూనే ఉండటంతో నైలు పాఠం మొదలే కాలేదు. అంత మాటలాడని మనిషి అన్నిసార్లు కాదంటున్నాడంటే టిక్కెట్టు కూడా వచ్చేసి ఉంటుందని పాలెం అనుకుంది. బుధవారం సాయంత్రం గుళ్ళో వీడ్కోలు కూటం పెట్టారు. ఆయన మెడలో బంతిపూల దండ వేసి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్ళ దగ్గర గోంగూర పచ్చడి జాడీ, ఓడలో చలికని గ్రేసమ్మ అల్లిన మఫ్లరు, తాడు బిగించిన రేకు పెట్టె పేర్చారు. ఏసయ్య యోసేపు ప్రయాణం గురించి మాట్లాడాడు. బ్రహ్మానందం గారు హిందువైనా వచ్చి, మాస్టారు తిరిగి వచ్చి పిల్లలకు పిరమిడ్ల సంగతులు చెప్పాలని కోరారు. మాస్టారు రెండుసార్లు లేచారు. లేచినప్పుడల్లా ఇంకెవరో ఒక దండ వేశారు.

"ఇప్పుడు మాస్టారు ప్రార్థన చేసి ముగిస్తారు" అన్నారు పాస్టరయ్యగారు.

అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. మాస్టారు దండలు తీసి కుర్చీ మీద పెట్టారు. మోకాళ్ళ మీద కూర్చున్నారు. తరవాత ఆయన గొంతు వినిపించింది.

"ప్రభువా, నేను ఐగుప్తుకు పోవడం లేదని నీకు తెలుసు. వీళ్ళకు చెబితే నమ్మడం లేదు. అందుకని నీకే చెబుతున్నాను."

చాపల మీద కొంచెం కదలిక పుట్టింది. కానీ ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, కళ్ళు తెరవకూడదు. పాలెం అంతా ఆ మర్యాదకు కట్టుబడి ఉంది.

"నాకు ఓడ వద్దు. టిక్కెట్టు లేదు. ఆ బొమ్మ తెప్పించుకున్నది పాఠం చెప్పడానికి. దయామణి సగం చెప్పి వదిలింది. ఆ పిల్లలకు అది నేను చెప్పాలి. ఇంకెవరూ చెప్పకూడదు. నేను బాగున్నానని ఇన్నాళ్ళూ వీళ్ళతో అబద్ధమాడాను. నేను బాగా లేను ప్రభువా. ఆ తరగతి నాకుంచు. ఆమెన్."

ఆమెన్ అనడానికి సంఘానికి కొంత సమయం పట్టింది. అన్నాక కూడా చాలామంది కళ్ళు తెరవలేదు. పిచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్రేసమ్మ లేచి వచ్చి మఫ్లరు తీసుకోబోయి, మళ్ళీ ఏమనుకుందో ఆయన భుజాల మీద కప్పింది.

"అయితే జీవరత్నాన్ని రెండో తరగతిలో వేస్తాను" అన్నారు బ్రహ్మానందం గారు, ఎవరి వైపూ చూడకుండా.

గురువారం ఉదయం మాస్టారు మొదటి గంటకే తరగతికి వెళ్ళారు. ఐగుప్తు చూడలేకపోయినా కనీసం విందామని పాలెంలో సగంమంది బడి కిటికీల దగ్గర చేరారు. ముందువరసలో పిచ్చమ్మ, ఏసయ్య ఉన్నారు. గుల్జార్ బేగం కొట్టు మూసి వచ్చింది.

"అమ్మగారు ఎక్కడిదాకా చెప్పారు?" అని పిల్లలను అడిగారు మాస్టారు.

మొదటి బెంచీలోని పిల్ల లేచింది. "నదికి ఏటా వరద వస్తదని చెప్పారండీ. వరద తీసినాక ఏం మిగులుద్దో రేపు చెప్తానన్నారండీ."

మాస్టారు బోర్డు మీద పాఠం పేరు రాశారు. పిల్లల వైపు తిరిగారు. నోరు తెరిచారు. కాసేపటికి ఆయన మళ్ళీ బోర్డు వైపే తిరిగి, రాసిన అక్షరాల మీద ఇంకోసారి సుద్ద దిద్దారు.

"పోనీ కళ్ళు మూసుకుంటాం నాయనా. ప్రార్థనలో చెప్పు" అంది పిచ్చమ్మ కిటికీలోంచి, మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు తల అడ్డంగా ఊపి, పిల్లలను పలకలు తియ్యమని భాగహారాలు ఇచ్చారు. కిటికీల దగ్గరి జనం ఒక్కొక్కరుగా పనులకు పోయారు.

ఇప్పుడు ఏప్రిల్ వచ్చింది, ఒంటిపూట బడులు పెట్టారు. నైలు నది పాఠం ఇంకా చెప్పలేదు; పిల్లలడిగితే మాస్టారు రేపు చెబుతానంటున్నారు.