ఎండలో పెట్టిన పెట్టె

ఆ ఉదయం నిచ్చెన తన సూట్‌కేసు ఖాళీ చేద్దామనుకున్నాడు. ఆ పేరు అతని పొడుగు చూసి జట్టువాళ్ళు పెట్టింది. పెళ్ళయిన నాటి నుంచి ఏ దేశంలో బాస్కెట్‌బాల్ ఆడినా ఆ పెట్టెలో సగం బట్టలు మడత విప్పకుండానే ఉండేవి. ఒక సీజను ఆడించుకోవడం, మోకాలి మీద ఐస్ గడ్డ కనిపించగానే సాగనంపడం క్లబ్బులకు అలవాటు. మనిషిని అద్దె సైకిల్లా వాడుకోవడానికి వీళ్ళకు మనసెలా వస్తుందో తెలియదు.

ఈసారి మాత్రం కోచ్ "ప్రాక్టీసయ్యాక ఆఫీసుకు రా, వచ్చే సీజను సంగతి మాట్లాడదాం" అన్నాడు. నిచ్చెన పొంగిపోయాడు. అతని భార్యకు ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక ఉద్యోగం దొరికింది, పక్క వీధి పళ్ళ డాక్టరు దగ్గర. కిటికీలకు తనే పరదాలు కూడా కుట్టుకుంది.

"మళ్ళీ ఊరు మారితే మీరొక్కరే మారండి. నేను రాను" అని ముందే తేల్చి చెప్పింది.

పెట్టె తెరిస్తే ముక్కిపోయిన వాసనా నొప్పుల మందు వాసనా కలిసి గుప్పుమన్నాయి. ఆమె దాన్ని కడిగిచ్చి పనికి వెళ్ళింది. అతను దాన్ని గేటు పక్కన ఎండలో నిలబెట్టి ప్రాక్టీసుకు వెళ్ళాడు. అదే కొంప ముంచింది. ఆ బిల్డింగు క్లబ్బుదే, అందులో ఉండేవాళ్ళంతా క్లబ్బు మనుషులే. అక్కడ గేటు దగ్గర పెట్టె కనిపించిందంటే ఆ మనిషి పని అయిపోయిందని అర్థం. ఎవరూ నోరు తెరిచి అడగరు, అడగడం మర్యాద కాదు.

దారిలో కాఫీ తాగి హాలుకు చేరేసరికి నిచ్చెన లాకరు మీద పేరు లేదు. జెర్సీలూ లాకర్లూ చూసుకునే అతను నిచ్చెన కింది ఇంట్లోనే ఉంటాడు, గేటు దగ్గర పెట్టెను చూసే వచ్చాడు.

"నా పేరెందుకు తీశావు?"

"నా చేత్తో తీయడం నాకూ బాధగానే ఉందన్నా" అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ.

నిచ్చెనకు ఒళ్ళు మండింది. ఏదో అనబోతుంటే జట్టంతా కేకుతో వచ్చి చప్పట్లు కొట్టింది. ఒకడు అతని కారు నిలిపే చోటు తనకిమ్మన్నాడు. "నేనెక్కడికీ పోవట్లేదురా" అని అరిస్తే, పాపం తట్టుకోలేకపోతున్నాడని అందరూ వీపు నిమిరారు. బతికుండగానే సంతాపసభ పెడితే ఎవరికి మాత్రం మండదు?

కోచ్ కేకు చూశాడు. నిచ్చెనను తీసేస్తున్న సంగతి తనింకా ఎవరికీ చెప్పలేదు గదా, మరి ఈ వీడ్కోలేమిటి? పక్క ఊరి జట్టు అతన్ని ఎగరేసుకుపోతోందని తేల్చుకుని యజమానికి ఫోన్ చేశాడు. యజమాని ఊగిపోతూ నిచ్చెనను పిలిపించాడు.

"పక్క ఊరివాళ్ళేనా?"

"నన్నెవరూ పిలవలేదు సార్. పెట్టె ఆరబెట్టాను, అంతే."

"నీకు అబద్ధమాడటం కూడా చేతకాదు. ఇవాళ నిన్ను నేనే పంపించేద్దామనుకున్నాను, తెలుసా? నేను పొమ్మనకుండా నీ అంతట నువ్వు పోతావా? చచ్చినా పోనివ్వను. రెండేళ్ళకు రాస్తున్నాను, సంతకం పెట్టు."

తీసేద్దామనుకున్నారని విని నిచ్చెనకు కోపం నషాళానికెక్కింది. ఆ కాగితం యజమాని మొహాన కొట్టాలనిపించింది. పరదాలు గుర్తొచ్చి, పళ్ళు కొరుకుతూ సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య గేటు దగ్గర ఆ పెట్టె మీదే కూర్చుని ఉంది. ఒళ్ళో పరదాలున్నాయి. మేడ మీద తమ ఇంటి కిటికీలోంచి ఎవరో కొత్త పొడుగాటి మనిషి తొంగి చూస్తున్నాడు. నిచ్చెన స్థానంలో ఆడించడానికి క్లబ్బు రప్పించిన మనిషి మధ్యాహ్నమే దిగాడు. బిల్డింగు చూసుకునే పెద్దావిడ తాళాలు మార్చి ఇల్లు అతనికి అప్పగించేసింది.

"ఎవరినడిగి ఇచ్చారండీ?" అన్నాడు నిచ్చెన.

"పెట్టె బయట పెట్టింది నువ్వా, నేనా?" అందావిడ అంతకన్నా కోపంగా.

భార్య తల పైకెత్తింది. "ఊళ్ళో ఉంటున్నామా, లేదా? అది చెప్పండి ముందు."

"ఉంటున్నాం. రెండేళ్ళు."

"ఎక్కడ?"

నిచ్చెన వంగి పెట్టెను తడిమి చూశాడు. పెట్టె మాత్రం చక్కగా ఆరింది.