గోడ అవతల పలకని రోబో

ఆదివారం పొద్దున ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం చిన్నదే. చెప్పులపెట్టె సైజులో తాను తయారుచేసిన నాలుగు చక్రాల రోబోకి ఏదో ఒక రిమోట్ పద్ధతి ఖాయం చేయాలి. పదకొండు కల్లా అది వంటింట్లోంచి కాఫీ కప్పు మోసుకెళ్లి పడగ్గదిలో భార్యకి అందించాలి. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆవిడ, "ఒలక్కుండా తెస్తే తాగుతాను" అని మాట కూడా ఇచ్చింది.

ముందుగా టీవీ రిమోట్‌తో నడిచే ఇన్‌ఫ్రారెడ్ కన్ను బిగించాడు. వంటింట్లో బుద్ధిగానే నడిచింది. గుమ్మం దాటగానే మొండికేసింది. అది చాలదన్నట్టు, హాల్లో మామగారు టీవీ రిమోట్ నొక్కి వార్తల సౌండు పెంచినప్పుడల్లా గిర్రున తిరిగి ఆయన కాళ్ల మీదకి పోయింది.

మామగారు మోకాలి ఆపరేషన్ అయ్యాక కూతురి దగ్గర ఉంటున్నారు. ఎవరికైనా అడ్డమవుతున్నానేమోనని ఆయనకి లోలోపల బెంగ. రోబో మూడోసారి పాదానికి తగిలేసరికి, "కుర్చీ జరపమంటారా బాబూ?" అన్నారు.

"అబ్బే, దాని దారి అదే చూసుకుంటుంది మామయ్యగారూ!"

"దారి చూసుకో" అన్నంత వరకే ఆయన చెవిన పడింది. తప్పుగా విన్నానేమోనని చెవి మిషన్లు తీసి, కొత్త బ్యాటరీలు వేసి పెట్టుకున్నారు.

అదే సమయానికి వరండాలో అల్లుడు బ్లూటూత్‌కి మారాడు. ఫోన్‌లో వెతికితే ఏవో అంకెలతో ఒక పరికరం కనిపించింది. రోబోయే అనుకుని నొక్కాడు. కనెక్ట్ అయిందని చూపించింది గానీ రోబో మాత్రం కదల్లేదు. విసిగిపోయి, విడిభాగాలు అమ్మే కొట్టతనికి ఫోన్ చేశాడు.

మామగారి రెండు చెవుల్లోనూ ఒక మగగొంతు స్పష్టంగా పలికింది. "ఇంకా ఆ పాతదాంతోనే అవస్థ పడుతున్నారా సార్? ఎదురుగా ఉంటే తప్ప దానికి కనపడదు. గోడ అవతల నుంచి పిలిస్తే పలకదు. బయట పడేయండి!"

మామగారు కిటికీలోంచి చూశారు. అల్లుడు ఫోన్ చెవికి ఆనించి, "హలో, ఏంటో వినపడట్లేదు... సరే, సరే, అలాగే!" అంటున్నాడు.

పావుగంటలో ఆయన పెట్టె సర్దుకుని హాల్లో నిలబడ్డారు.

"ఈ పెట్టేంటి నాన్నా?" కూతురు కంగారుగా వచ్చింది.

"నాకు చూపు ఆనదటమ్మా. పిలిస్తే పలకనట. బయట పడేయమని ఎవరో చెప్పారు. మీ ఆయన సరేనన్నారు."

ఆవిడ వరండాలోకి ఒక్క ఉదుటున వెళ్లింది. "ఏవండీ! బయట పడేస్తానన్నారా?"

"మరేం చెయ్యను? ఆ కన్ను పనికిరాదు. ఇవాళే పీకేస్తాను."

"మా నాన్న కన్నా!"

"మీ నాన్నదెందుకు పీకుతాను?"

అంతలో ఫోన్ మోగింది. అల్లుడు ఎత్తి హలో అన్నాడు. హాల్లో మామగారు ఉలిక్కిపడి చెయ్యెత్తారు. "ఉండండి, ఆయన మళ్లీ మాట్లాడుతున్నాడు."

"ఎవరు నాన్నా?"

"నా చెవిలో ఉన్నాయన. రోబోకి పాత సెన్సర్ తీసేశారా సార్ అని అడుగుతున్నాడు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అల్లుడు ఫోన్ వంకా, మామగారి చెవి మిషన్ల వంకా చూసి, సిగ్గుతో కుంచించుకుపోయాడు. "క్షమించండి మామయ్యగారూ. బ్లూటూత్‌లో రోబో అనుకుని మీకు కనెక్ట్ అయ్యాను."

మామగారు పెట్టె కింద పెట్టి కూర్చున్నారు. "ఇన్‌ఫ్రారెడ్ గోడ దాటదు బాబూ. మీ బ్లూటూత్ కూడా రెండు గోడలు అడ్డమొస్తే తడబడుతుంది. ఇన్ని గదుల ఇంట్లో రేడియో రిమోటే పెట్టుకోవాలి."

ముప్పై ఏళ్లు ఓడల మీద రేడియో ఆపరేటరుగా చేసిన మనిషి ఇంట్లోనే ఉన్నారన్న సంగతి అల్లుడికి అప్పుడు తట్టింది. "మీరు విశ్రాంతి తీసుకుంటున్నారని అడగలేదు."

"విశ్రాంతి మోకాలికి బాబూ. నాకు కాదు."

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి కొట్టుకెళ్లి రేడియో రిమోట్ తెచ్చారు. మామగారు కళ్లద్దాలు సవరించుకుని తీగలు తానే అతికించారు. సాయంత్రం ఆయన హాల్లో కూర్చుని మీట నొక్కితే, వంటింట్లో ఉన్న రోబో రెండు గుమ్మాలు దాటి పడగ్గది దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లింది. ఆయన మొహంలో అంత వెలుగు చూసి చాలా రోజులైందని కూతురు అనుకుంది.

"ఒక్కసారి నేను నడుపుతానండీ" అన్నాడు అల్లుడు.

"ముందు కొన్నాళ్లు చూడండి బాబూ" అన్నారు మామగారు, రిమోట్ మీంచి తలెత్తకుండా.

అల్లుడు పన్నెండు రోజులు చూశాడు.