పెద్దమ్మ నవ్వు ఇప్పటికే ఉందట!

మనిషి బాగుపడాలంటే రోజుకొక్కసారైనా ఎవరో ఒకరు మొహం మీదే ‘వద్దు’ అనాలి. నన్నడిగితే కుళాయి నీళ్లలాగే తిరస్కారం కూడా ప్రభుత్వం వారే ఇంటింటికీ ఇప్పించాలి!

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. నేను ఫొటోలు తీసి ఒక వెబ్‌సైటుకు పంపుతుంటాను. సబ్బుల కంపెనీల వాళ్లూ బ్యాంకుల వాళ్లూ ప్రకటనల కోసం అక్కడ ఫొటోలు కొనుక్కుంటారు. ముందుగా సైటు వాళ్లు నా ఫొటోని పరీక్షిస్తారు. పరీక్షించి, వద్దంటారు. ఈ విషయంలో వాళ్లు ఏనాడూ అశ్రద్ధ చెయ్యలేదు.

మా ఇంట్లో నా ఫొటోలు చూసే దిక్కుందా? మా ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండానే ‘బాగుంది’ అంటుంది. అదే సైటు వాళ్లయితే! నిమ్మకాయ ఫొటో పంపితే, వెనకాల గిన్నె అంచు మీద కంపెనీ పేరులో సగం అక్షరం కనబడుతోందని పట్టేశారు. ఆ గిన్నె రోజూ తోమేది నేనే. ఆ అక్షరం సంగతి నాకే తెలీదు!

వాన ఫొటో పంపితే మసగ్గా ఉందన్నారు. వాన అలాగే ఉంటుంది కదా అని వాదించబోయి నాలిక్కరుచుకున్నాను. మా ఇంటి తెల్లగోడ ఫొటో పంపితే ‘కొనేవారిని ఆకర్షించదు’ అన్నారు. అక్షరాలా నిజం. అద్దె కట్టి అందులో ఉంటున్న నన్నే ఆకర్షించదు.

ఇక మనుషుల ఫొటోలంటే, ఆ మనిషి సంతకం పెట్టిన అంగీకారపత్రం ఉండి తీరాలి. లేకపోతే కన్నబిడ్డ ఫొటో అయినా తిప్పికొడతారు. ఎంత న్యాయం! ఎంత మర్యాద! ఎవరి ముఖం వాళ్ల సొత్తు అని నాకు నేర్పిందే వాళ్లు.

మా ఇంట్లో ఉండే పెద్దమ్మే నా మోడల్. కళ్లజోడు కాడ విరిగితే నీలం దారం కట్టుకుని, కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చుంటుంది. మొదట్లో పొరపాటునో ఏమో ఆవిడ ఫొటోలు కొన్ని సైటు వాళ్లు తీసుకున్నారు కూడా. ఒక్కటీ అమ్ముడుపోలేదనుకోండి! ఫొటో తీసిన ప్రతిసారీ కాగితం ముందు పెడితే, కళ్లజోడు సర్దుకుని, పలక మీద దిద్దినట్టు సంతకం పెడుతుంది. పెట్టి, ఒకటే మాట అడుగుతుంది.

“ఈసారైనా ఎక్కడైనా వేస్తార్రా? నలుగురూ చూసేచోట నన్ను నేను ఒక్కసారి చూసుకోవాలనుంది.”

“వేస్తారు పెద్దమ్మా, ఎందుకు వెయ్యరూ!”

ఈమధ్య సైటు వాళ్లు నాకు ఇంకో గౌరవం చేశారు. బొమ్మలు తయారుచేసే యంత్రమొకటి పెట్టారట. మా పాత ఫొటోలు చూసి అది పాఠాలు నేర్చుకుంటుందట. అడగలేదు, తెలియజేశారు. లెక్కలు చెబుతానంటే ఇంట్లో పిల్లలు పారిపోతారు, అలాంటిది నా దగ్గర ఒక యంత్రం చదువుకుంటోంది! ఆ రోజంతా నా కాళ్లు నేలమీద నిలవలేదు.

కిందటివారం పెద్దమ్మ పడీపడీ నవ్వుతుంటే ఫొటో తీశాను. ముందు పన్ను లేదని, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి. ఆ రోజెందుకో మరిచిపోయింది. ఇన్నేళ్లకి ఒక మంచి ఫొటో తీశాననిపించి కళ్లు చెమ్మగిల్లాయి. పంపాను. మౌస్ మీంచి చెయ్యి తియ్యకముందే జవాబొచ్చింది: ‘ఇటువంటి చిత్రం మా వద్ద ఇప్పటికే ఉన్నది.’

ఎంత చురుకైన వాళ్లో చూశారా! పెద్దమ్మకి మాత్రం చెప్పలేదు.

నిన్న మాత్రల కోసం ఆవిడని మందుల షాపుకి తీసుకెళ్లాను. గోడమీద మోకాళ్లనొప్పుల నూనె పోస్టరుంది. కిటికీ పక్కన చేతుల కుర్చీ, అందులో పకపకా నవ్వుతున్న ముసలావిడ, కళ్లజోడుకి నీలం దారం. నోటినిండా పళ్లు. కింద చీమల్లాంటి అక్షరాల్లో ‘యంత్రం తయారుచేసిన చిత్రం’ అని, పక్కనే మా సైటు పేరు.

“ఎవర్రా ఈవిడ? నా కళ్లజోడు పెట్టుకుని నా కుర్చీలో కూర్చుంది?”

తిరస్కారం వల్ల కలిగే లాభాలు ఆవిడకి వివరిద్దామనుకున్నాను. మాత్రల చీటీ తీసి షాపతనికిచ్చాను.

పెద్దమ్మ ఇంకా దగ్గరికెళ్లి తేరిపార చూసింది. తన కళ్లజోడు దారాన్ని ఒకసారి తడుముకుంది.

“బాగానే ఉందిలే. అవునూ, దీనికి సంతకం ఎవరు పెట్టార్రా?”