పొరల్లో పొరపాటు

ఆ ఉదయం ఇంజనీరమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా వర్క్‌షాపు చేరుకోవడం, పడవ మూత అచ్చులో కార్బన్ గుడ్డ పొరలు సరిగ్గా పేర్చారో లేదో కళ్ళారా చూసుకోవడం, ఆ తరువాత ఓవెన్ తలుపు వేయించడం. అంతే. ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. సొంతంగా లెక్క కట్టిన మొదటి వస్తువు ఇదే. పడవలు కట్టే ఒక పెద్దావిడ మధ్యాహ్నం మూడింటికి చూడటానికి వస్తోంది. "ఆవిడకి నచ్చితే నువ్వు పర్మనెంటు. నచ్చకపోతే నేనేం చెప్పలేను" అని మేనేజర్ ముందే సెలవిచ్చాడు.

ఆమె పళ్ళు తోముకుంటుండగా ఫోన్ మోగింది. అవతల వర్క్‌షాపు మేస్త్రీ.

"అమ్మా, మీరిచ్చిన కాగితం మీద జిగురు ఒలికింది. ఒక్క అక్షరం కనపడితే ఒట్టు. పొరల వరస చెప్తారా, రాసుకుంటా."

నోట్లో బ్రష్షు, బుగ్గల నిండా నురగ. "సున్నా, సున్నా, తొంభై, తొంభై, ఎస్" అంది.

"నిలువు రెండు, అడ్డం రెండు. అంతేనా?"

"ఎస్!"

"ఎస్సేనా?"

"ఎస్సే!"

మేస్త్రీ తృప్తిగా ఫోన్ పెట్టేశాడు. ఈ పనిలో చివర 'ఎస్' అని రాస్తే, చెప్పిన వరసనే అద్దంలో చూసినట్టు తిరగేసి మళ్ళీ పేర్చమని అర్థం. నాలుగు పొరలు ఎనిమిదవుతాయి. ఇదివరకటి ఇంజనీరు ఎనిమిదింటినీ విడివిడిగా రాసేవాడు కాబట్టి మేస్త్రీకి తెలిసిన ఎస్ ఒక్కటే: అవును.

ఆమె ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. వర్క్‌షాపు చేరేసరికి ఓవెన్ తలుపు మూసేశారు. "అన్నీ మీరు చెప్పినట్టే వేశానమ్మా" అన్నాడు మేస్త్రీ. ఆమె హాయిగా కాఫీ తాగింది.

రెండింటికి పలక బయటికొచ్చింది. టీపాయంత ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది, పెంకులా వంగిపోయి ఉంది.

ఆమె అంచు పట్టి చూస్తే మందం సగమే ఉంది. కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి, తన నమూనాలో కింది నాలుగు పొరలు తీసేసి మళ్ళీ లెక్క వేసింది. తెర మీద పలక అచ్చం అలాగే వంగింది. వేడి తగ్గేటప్పుడు నిలువు పొరలు ఒకలా, అడ్డం పొరలు మరోలా ముడుచుకుంటాయి. రెండు వైపులా సమానంగా ఉంటే ఆ లాగులాట సరిపోయి పలక చదునుగా ఉంటుంది. ఇక్కడేమో పైన ఒక తోడికోడలు, కింద మరో తోడికోడలు. మధ్యలో సర్దిచెప్పేవాళ్ళే లేరు.

"ఎస్ అన్నాను కదండీ!"

"నేనూ సరేనన్నాను కదమ్మా!"

"ఇప్పుడేం చేద్దాం?"

"దాని మొహం, కార్బనైనా కర్రైనా బరువు పెడితే అదే దిగుతుంది" అన్నాడు మేస్త్రీ.

పనిముట్ల పెట్టె పెట్టారు. దిగలేదు. పెయింటర్లిద్దరు చేతులతో నొక్కారు. ఊహూఁ. చివరికి వర్క్‌షాపులో అందరికన్నా బరువైన స్టోర్ కీపర్‌ని బతిమాలి కూర్చోబెట్టారు. ఆయన చేతిలో టీ గ్లాసుతోనే కూర్చున్నాడు.

ఠప్!

నిలువుగా వంగిన పలక ఒక్క గెంతుతో అడ్డంగా, రెండో పక్కకి వంగింది. స్టోర్ కీపర్ ఇటు, గ్లాసు అటు. అప్పుడే "అంతా రెడీయేనా?" అంటూ లోపలికొచ్చిన మేనేజర్ తెల్లచొక్కా టీ మొత్తం తాగేసింది.

"ఇదేంటి? చదును మూత కదా కావాలన్నారు!"

జవాబు చెప్పే లోపలే పడవలావిడ గుమ్మంలో ప్రత్యక్షమైంది, అరగంట ముందే. మేనేజర్ కంగారుగా పలకను వెనక్కి నెట్టి, దానికి ఆనుకుని, చొక్కా మరకని ఫైలుతో కప్పుకుని, నవ్వాడు.

ఠప్!

నవ్వు నవ్వుతుండగానే మేనేజర్ నేల మీదున్నాడు.

"ఏదీ, జరగండి" అంది ఆవిడ, ఆయన్ని దాటుకుంటూ. బొటనవేలితో నొక్కింది. ఠప్. అటు వంగి నిలబడింది. మళ్ళీ నొక్కింది. ఠప్. ఇటు వంగి నిలబడింది. ఆవిడ కళ్ళు మెరిశాయి. "ఏదీ, నువ్వు నొక్కు" అని స్టోర్ కీపర్‌ని పిలిచింది. పెయింటర్లు వరస కట్టారు. మేస్త్రీ రెండుసార్లు నొక్కి, మూడోసారికి మళ్ళీ వరస చివర నిలబడ్డాడు. వర్క్‌షాపంతా ఠపఠపలు, కేరింతలు.

"తెరిస్తే తెరుచుకునే ఉంటుంది, మూస్తే మూసుకునే ఉంటుంది. బందులూ వద్దు, గడియా వద్దు" అంది ఆవిడ. "ఎవరిదీ ఆలోచన?"

"మా డిపార్ట్‌మెంటుదే" అన్నాడు మేనేజర్, కింద నుంచే.

ఇంజనీరమ్మాయికి తెలుసు, నోరు మూసుకుంటే ఉద్యోగం ఖాయం. కానీ నొక్కిన ప్రతివాళ్ళూ తనవైపు మెచ్చుకోలుగా చూస్తుంటే భరించలేకపోయింది.

"ఆలోచన కాదండీ, పొరపాటు. నేను నోట్లో బ్రష్షు పెట్టుకుని చెప్పాను. ఆయన సగమే పేర్చారు. తప్పు నాది."

మేస్త్రీ అడ్డొచ్చాడు. "అడగాల్సింది నేనమ్మా. తప్పు నాది."

మేనేజర్ కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ పలకను మరోసారి ఠప్‌మనిపించి చంకలో పెట్టుకుంది. "ఎవరిదైతే ఏం? ఇదే పొరపాటు నాకు నలభై సార్లు చేసిపెట్టండి. లెక్క మాత్రం ఈ అమ్మాయే చూడాలి" అని వెళ్ళిపోయింది.

ఇంజనీరమ్మాయికి ఆ సాయంత్రమే పర్మనెంటు ఉత్తరం అందింది. మర్నాడు నోటీసు బోర్డు మీద మేనేజర్ సంతకంతో ఒక కాగితం వెలిసింది: ఇకమీదట ఎవరు పొరపాటు చేయదలచుకున్నా కనీసం ఒకరోజు ముందు అనుమతి తీసుకోవలెను.